టకానినిలో కాజీపేట

టకానిని, ఆక్లండ్, న్యూజిలాండ్
14 జూన్ 2004

రాజేశ్వరమ్మ వదినకు,

గిరిజ నమస్కారాలు. ఫోన్ చేసిన ప్రతిసారీ పక్కింటి లక్ష్మీబాయి అందుకుని, మీ చెవి దగ్గర కేకలు వేసి చెప్పాల్సి వస్తోంది. ఈ సంగతులు కేకలు వేసి చెప్పేవి కావు. అందుకే రాస్తున్నాను.

మీ తమ్ముడిని మే నెలాఖరులో ఆస్పత్రి నుంచి ఇంటికి పంపించారు. మార్చిలో పక్షవాతం వచ్చినప్పుడు డాక్టర్లు చెప్పిన మాటలు తలుచుకుంటే ఇల్లు చేరడమే గొప్ప. కుడి చెయ్యి పడిపోయింది. కుడి కాలు ఈడ్చుకుంటూ, కర్ర పట్టుకుని నాలుగడుగులు వేస్తున్నారు. మనం ఏమన్నా అర్థమవుతుంది. మాట మాత్రం పోయింది. యాభై ఎనిమిదేళ్లు మాట్లాడిన మనిషికి రెండే మాటలు మిగిలాయి. ఒకటి "అది". రెండోది "కాజీపేట".

పడక గరాజ్‌లో వేశాం. మా ఇల్లు చిన్నది. ఆస్పత్రి మంచం పట్టి, చక్రాల కుర్చీ తిరిగేంత వెడల్పు ఆ గదికే ఉంది. తెల్లారి కళ్లు తెరిచింది మొదలు నాలుగు గోడలూ చూస్తారు. నా వైపు తిరిగి "కాజీపేట?" అంటారు. అన్నం పెడుతుంటే "కాజీపేట?" బట్టలు మారుస్తుంటే "కాజీపేట?" కోపం కాదు, అడగడం. నేను జవాబు చెప్పకపోతే మళ్లీ అడుగుతారు.

స్పందన అంటుంది, "మమ్మీ, డాడీకి ఇండియా పోవాలనుందేమో. అత్తమ్మను చూడాలనుందేమో. టికెట్స్ చూడనా?" అని. అవునేమో అన్నాను.

నిన్న బాత్రూమ్‌లో కుళాయి తిప్పి, ఆ నీళ్ల చప్పుడులో ఏడ్చాను. బయటికొచ్చేసరికి తలుపు దగ్గర కర్రతో నిలబడి ఉన్నారు. అదే ప్రశ్న.

ఏం చెప్పాలి వదినా ఆయనకు? మీరైతే ఏం చెప్తారు?

గిరిజ


కాజీపేట
1 జూలై 2004

గిరిజా,

నీ ఉత్తరం వచ్చిన రోజు నేను అన్నం తినలేదు. దుఃఖంతో కాదమ్మా, ఆ సంగతి ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. వాడు ఊరు పేరు తలుస్తున్నాడని రాశావే, ఆ ఒక్క ముక్క పట్టుకుని పొద్దంతా కూర్చున్నాను.

అమ్మ పోయినప్పుడు కూడా రాలేదు వాడు. కొత్త ఉద్యోగం, సెలవు దొరకలేదన్నాడు. తొమ్మిదేళ్లయింది మీరు వెళ్లి. ఊరినీ, మమ్మల్నీ మరిచిపోయాడని ఎవరడిగినా అనేశాను. ఇప్పుడు నోట్లో రెండు మాటలే మిగిలితే అందులో ఒకటి మన ఊరు!

తీసుకొని రా. ఇంకేమీ ఆలోచించకు. ముందు గదికి సున్నం వేయిస్తున్నాను. గుమ్మం దగ్గర మెట్టు కొట్టించి వాలుగా సిమెంటు పోయించమని చెప్పాను. హనుమకొండలో కాళ్లూ చేతులూ కదిలించే వైద్యం చేసే ఆయన్ని కూడా అడిగాను, ఇంటికి వచ్చి చేస్తాడట.

నీకు తెలియదు, చిన్నప్పుడు నేను నాన్నకు లోకో షెడ్డుకు టిఫిన్ క్యారియర్ తీసుకెళ్తుంటే వాడు నా కొంగు పట్టుకుని వచ్చేవాడు. నాన్న ఇంజన్ దిగి తింటుంటే వీడు బొగ్గు కుప్ప మీద కూర్చుని పలక మీద ఇంజన్ బొమ్మ గీసేవాడు. సిగరెట్ పెట్టెలతో బోగీలు చేసి, సోడా సీసా మూతలు చక్రాలుగా పెట్టి, మా క్వార్టర్ వరండా అంతా పట్టాలే. ఎవరైనా తొక్కితే మూడు రోజులు మాట్లాడేవాడు కాదు.

వాడికి చెప్పు, అక్క ఎదురు చూస్తోందని. వినిపించేలా చెప్పు.

రాజేశ్వరమ్మ


టకానిని
18 జూలై 2004

వదినా,

మీరు సున్నం వేయించారని చదివాక ఇంక దాచడం నా వల్ల కాలేదు. పనివాళ్లను ఆపండి. ఆయన అడుగుతున్నది మీ కాజీపేట కాదు.

మొదటి నుంచీ చెప్తాను. మేము వచ్చిన ఏడాది ఆయన డెబ్బై ఉద్యోగాలకు అప్లికేషన్లు పెట్టారు. ఇంజనీర్ చదువు ఇక్కడ ఎవరికీ అక్కర్లేకపోయింది. చివరికి ప్లాస్టిక్ బకెట్లు చేసే ఫ్యాక్టరీలో మిషన్ దగ్గర నిలబడ్డారు. ఇంట్లో మాట తగ్గిపోయింది. ఒక శనివారం పక్క ఊరు పాపకూరలో కూరగాయలు కొనుక్కొస్తుంటే వాన పడింది. పక్కనున్న షాపు చూరు కిందికి పరిగెత్తాం. అద్దం లోపల చిన్న కొండ, సొరంగం, చుట్టూ పట్టాలు. గోడకు ఒక బటన్, పిల్లల కోసం. నొక్కితే రైలు ఒక చుట్టు తిరిగి ఆగుతుంది. మీ తమ్ముడు నొక్కారు. ఆగగానే మళ్లీ నొక్కారు. వాన వెలిసినా కదల్లేదు. లోపలి నుంచి ఎర్రటి ముఖం, తెల్ల గడ్డం ఉన్న పెద్దాయన వచ్చి, "పదకొండుసార్లు నొక్కిన మనిషి ఎలా ఉంటాడో చూద్దామని వచ్చాను. లోపలికి రా" అన్నాడు.

ఆయన పేరు గ్రాహమ్. బొమ్మ రైళ్ల షాపు. పొడవాటి ఇరుకు గది, నేల నుంచి కప్పుదాకా పెట్టెలు, జిగురు వాసన, మిషన్ నూనె వాసన. వెనక కెటిల్, నాలుగు స్టూళ్లు. శనివారాల్లో ముగ్గురు ముసలివాళ్లు వచ్చి కూర్చుంటారు. ఒకాయన రైల్వేలో చేసి రిటైరైనవాడు, ఒకాయన టీచరు, ఒకాయన మాంసం కొట్టువాడు. ఏ ఊరు మీది అని అడిగితే మీ తమ్ముడు కాగితం తీసుకుని కాజీపేట జంక్షన్ గీశారు. బల్హార్షా వైపు లైను, బెజవాడ వైపు లైను, సికింద్రాబాద్ వైపు లైను, షెడ్డు, బొగ్గు కుప్ప. ముసలివాళ్లంతా ఆ కాగితం మీదికి వంగారు. ఈ దేశంలో ఆయన చెప్పేది ఎవరైనా అలా వినడం అదే మొదటిసారి.

నాలుగో స్టూలు ఆయనదయింది. "కాజీపేటలో ఏం విశేషాలు?" అని గ్రాహమ్ ప్రతి శనివారం అడిగేవాడు. మన రైళ్ల బొమ్మలు ఎక్కడా దొరకవు కదా, ఇత్తడి రేకు కత్తిరించి అతికించడం గ్రాహమే నేర్పాడు. మా గరాజ్‌లో పన్నెండడుగుల బల్ల వేసి, ఎనిమిదేళ్లు కట్టారు వదినా. స్టేషన్, సిగ్నళ్లు, మూడు భాషల్లో పసుపు బోర్డు, మీ నాన్నగారి ఇంజన్. మొదట్లో నేనూ కూర్చునేదాన్ని. ప్లాట్‌ఫారం మీది ఆడవాళ్ల చీరలకు నా గోళ్ల రంగులు వేశాను. వారంలో ఆ ఒక్క పూట ఆయన పాత మనిషి అయ్యేవారు.

ఆ కాజీపేటను నేను తీసేయించాను.

ఆయన ఆస్పత్రిలో ఉన్నారు. బతికితే మంచానికి చోటు కావాలన్నారు. గ్రాహమ్‌కు ఫోన్ చేసి పట్టుకుపొమ్మన్నాను. వ్యాన్ తెచ్చి, బల్లను నాలుగు ముక్కలుగా విప్పి తీసుకెళ్లారు. ఒక్క పూటలో గరాజ్ ఖాళీ అయింది. ఇప్పుడాయన అదే గరాజ్‌లో పడుకుని అడుగుతున్నారు. రిపేరుకు ఇచ్చానని అబద్ధం చెప్పాను. తల ఊపారు. నమ్మారు.

మీకు రాయగలిగింది ఇంతే.

గిరిజ


కాజీపేట
3 ఆగస్టు 2004

గిరిజా,

మూడుసార్లు చదివాను. మూడోసారి చదివాక సున్నం వేసిన గది తలుపు మూసేశాను.

చోటు కావాలని రాశావు. మంచానికి ఆరడుగులు చాలవా? ఒక మూలనైనా ఉంచకూడదా? బతికున్న మనిషి సొత్తు, అడగకుండా ఎలా ఇచ్చావు? కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని ఊరుకున్నాను గానీ, లక్ష్మీబాయి అడిగితే వాళ్లు రావడం లేదని మాత్రం చెప్పాను. ఎందుకని అడిగింది. ఏం చెప్పను?

వాడు ఎనిమిదేళ్లు మన ఊరు కడుతున్నాడని ఒక్క ఉత్తరంలో రాయలేదు. వాడు రాయకపోతే నువ్వు రాయకూడదా? ఊరు మరిచినవాడని నేను నలుగురి ముందూ తిట్టాను వాడిని.

ఒక్క సంగతి చెప్పు. అందులో మన క్వార్టర్ ఉండేదా?

దాన్ని వెనక్కి తెచ్చిపెట్టు. ఎవరి కాళ్లు పట్టుకుంటావో పట్టుకో. తెచ్చేదాకా నాకు ఉత్తరం రాయకు.

రాజేశ్వరమ్మ


టకానిని
6 సెప్టెంబర్ 2004

వదినా,

రాయొద్దన్నారు. ఇంకెవరికి రాయను?

ఉండేది. లైను చివర, వేప చెట్టు పక్కన. వాకిట్లో ఆకుపచ్చ లంగా ఓణీలో ఒక అమ్మాయి, చేతిలో టిఫిన్ క్యారియర్. అగ్గిపుల్ల తలంత ఉంటుంది. ఆ క్యారియర్‌కు వెండి రంగు వేసింది నేనే. ఎవరని అడిగితే "మా అక్క" అన్నారు.

పాపకూర వెళ్లాను. షాపు లేదు. అద్దాలకు లోపలి నుంచి తెల్ల రంగు పూసి, అద్దెకివ్వబడును అని బోర్డు పెట్టారు. పక్క బేకరీ ఆవిడ చెప్పింది, గ్రాహమ్‌కు ఊపిరితిత్తుల జబ్బు ముదిరింది, మే నెలలో మూసేసి హెండర్సన్‌లో కూతురి ఇంటికి వెళ్లాడని. ఆదివారం స్పందన కారులో తీసుకెళ్లింది. ముక్కులో ఆక్సిజన్ గొట్టం పెట్టుకుని కిటికీ పక్కన కూర్చున్నాడు. నన్ను చూడగానే రెండు చేతులూ చాచాడు. "అంత్యక్రియలకు మమ్మల్ని కూడా పిలిచి ఉంటే బాగుండేదమ్మా. కుటుంబం వరకే అన్నావు గనక ఊరుకున్నాం. ఆ శనివారం అతని స్టూలు ఖాళీగా ఉంచి టీ తాగాం" అన్నాడు.

స్పందన నా వైపు తిరిగి చూసింది. ఆ చూపు చచ్చేదాకా మరిచిపోను.

అవును వదినా. ఆయన పోయారని చెప్పాను. మొదట ఫోన్‌లో, ఇక లేరన్నట్టుగా ఒక మాట అన్నాను. గ్రాహమ్ ఏడ్చాడు. కాదని దిద్దాల్సింది. దిద్దలేదు. బతికే ఉన్నారంటే గ్రాహమ్ దాన్ని కదల్చనిచ్చేవాడు కాదు, ఆగమనేవాడు. నాకు ఆగే ఓపిక లేదు. అందుకే ఆ ముగ్గురు ముసలివాళ్లూ ఒక్కరోజు కూడా చూడటానికి రాలేదు. ఆయన మూడు నెలలుగా ప్రతి శనివారం కిటికీ దగ్గర కూర్చుని రోడ్డు చూస్తున్నారు.

"బతికే ఉన్నారు" అన్నాను. గ్రాహమ్‌కు దగ్గు తెర వచ్చింది. కూతురు వచ్చి గొట్టం సర్దింది. తేరుకున్నాక ఒక్క మాట కూడా నన్ను అనకుండా ఫోన్ తీసి, తన దగ్గర ఆ బల్ల కొనుక్కున్నాయనకు చేశాడు. తౌమరునుయిలో రైతు ఆయన. స్పీకర్‌లో పెట్టాడు. పట్టాలు, మోటార్లు వాడుకుని తన న్యూజిలాండ్ లైను కట్టుకున్నాడట. మిగతా ఇళ్లు, బోర్డులు తనకు పనికిరావని ఏప్రిల్‌లో చెత్తతో పాటు తగలబెట్టాడట. "కట్టినాయన చనిపోయాడన్నారు కదా" అన్నాడు. చాలా బాధపడ్డాడు పాపం. ఆయన తప్పేముంది?

తిరిగి వస్తూ స్పందన కారును మోటార్‌వే మీద పక్కకు ఆపింది.

"డాడీ చచ్చిపోయిండని చెప్పినవా మమ్మీ?"

"చెప్పిన."

"ఎందుకు?"

దానికి చెప్పలేదు. మీకు చెప్తున్నాను. పక్షవాతం వచ్చిన శనివారం పొద్దున మా ఇద్దరికీ పోట్లాట అయింది. షాపు నుంచి వచ్చి నేరుగా గరాజ్‌లోకి పోయారు. అన్నానికి పిలవకూడదని పంతం పట్టాను. గోడ అవతల రైలు తిరుగుతున్న చప్పుడు వినపడుతూనే ఉంది. నేను లేకపోయినా ఈ మనిషికి రైలుంటే చాలు అనుకుని, కోపంతో గిన్నెలు తోముకున్నాను. రెండు గంటలు. తలుపు తీసేసరికి నేల మీద పడి ఉన్నారు, కళ్లు తెరిచే ఉన్నాయి. పైన రైలు తిరుగుతూనే ఉంది. మూడు గంటల లోపు తీసుకొచ్చి ఉంటే మందు పనిచేసేదని డాక్టరు అన్నాడు. అంబులెన్స్ వచ్చి, ఆస్పత్రి చేరేసరికి ఆ గడువు దాటిపోయింది.

ఆ బల్లను ఆ తర్వాత నేను చూడలేకపోయాను వదినా. చోటు కోసం కాదు.

గిరిజ


టకానిని
15 సెప్టెంబర్ 2004

వదినా,

మీ జవాబు వచ్చేలోగానే మళ్లీ రాస్తున్నాను.

స్పందన పట్టుబట్టింది. "డాడీకి నువ్వే చెప్పాలె. లేకపోతే నేను చెప్త" అంది. గురువారం ఆయన ముందు కింద కూర్చుని చెప్పాను. కాజీపేట కాలిపోయిందని చెప్పాను. ఆయన పోయారని ఆయన స్నేహితులకు చెప్పానని కూడా చెప్పాను. ఆ రెండు గంటల సంగతి ఒక్కటే నోట్లోంచి రాలేదు.

అరుస్తారనుకున్నాను. ఎడమ చేత్తో నా తల పక్కకు నెట్టి గోడ వైపు తిరిగారు. అంతే. రెండు రోజులు నా చేతి ముద్ద తినలేదు. స్పందన పెడితే తిన్నారు. "కాజీపేట" అనడం కూడా మానేశారు. ఆ మాట మానేయాలని ఎన్ని దేవుళ్లకు మొక్కుకున్నానో! మానేశాక ఇల్లు భరించలేకపోయాను.

శనివారం పొద్దున పాల కోసం, మందుల కోసం కొట్లకు వెళ్లి ముప్పావుగంటకు వచ్చాను. మంచం ఖాళీ. కర్ర లేదు. వీధి తలుపు తెరిచి ఉంది. మా ఇంటికి ఐదు నిమిషాల దూరంలో రైలు గేటు. అప్పుడే గంట మొదలైంది, గేటు పడే గంట.

నేను ఎలా పరిగెత్తానో తెలియదు. చెప్పులు ఎక్కడ వదిలానో తెలియదు. గేటు దగ్గరికి వచ్చేసరికి రైలు దాటిపోతోంది. చివరి డబ్బా పోయేదాకా కళ్లు మూసుకున్నాను. తెరిచాక పట్టాల మీద ఏమీ లేదు. అయినా ఆ రెండు వైపులా కంకరలో వెతికాను వదినా. దేనికోసం వెతికానో రాయలేను. స్టేషన్ బెంచీ మీద ఒక పంజాబీ ముసలమ్మ ఉంది. "కర్ర పట్టుకున్న అంకుల్ కదా? ముందు బండిలో పాపకూర పోయిండు. గార్డు చెయ్యి పట్టి ఎక్కించిండు" అని హిందీలో చెప్పింది.

షాపు మెట్టు మీద కూర్చుని ఉన్నారు. తెల్ల రంగు పూసిన అద్దానికి వీపు ఆనించి. ప్యాంటు తడిసిపోయింది. జనం చుట్టూ తిరిగి పోతున్నారు. బేకరీ ఆవిడ పక్కన కూర్చుని టీ కప్పు పట్టుకుని ఉంది. నన్ను చూసి ఆయన దాటిపోయే మనుషుల్ని చూపించి, తన గుండె మీద కొట్టుకున్నారు. "అది, అది, అది" అని మళ్లీ మళ్లీ కొట్టుకున్నారు. అప్పుడు అర్థమైంది నాకు. చావడానికి పోలేదు ఆయన. శనివారం కదా, స్నేహితులు ఉంటారని, తాను బతికే ఉన్నానని చూపించడానికి పోయారు.

షాపు మూసేశారని చెప్పలేదు నేను. ఆ రెండు గంటలు తప్ప అన్నీ చెప్పాననుకున్నాను, అదొక్కటి చెప్పడం మరిచిపోయాను.

ఆ మెట్టు మీదే ఆయన పక్కన కూలబడ్డాను. మీరు నన్ను తిడుతూనైనా సరే ఒక్క ఉత్తరం రాయండి.

గిరిజ


కాజీపేట
7 అక్టోబర్ 2004

గిరిజా,

రెండు ఉత్తరాలూ ఒకేరోజు వచ్చాయి. తిట్టమన్నావు. తిట్లు చాలానే కూడబెట్టుకున్నాను. కంకరలో వెతికానని రాశావు చూడు, అక్కడ కాగితం కింద పెట్టేశాను.

కోపం పోలేదు. పోయిందని అబద్ధం రాయను. కానీ ఈ ఏడుపుతో వాడికి ఒరిగేదేముంది? అందుకని నేనొక పని చేశాను.

లక్ష్మీబాయిని వెంటబెట్టుకుని, దర్జీ దగ్గర టేపు అడిగి తీసుకుని స్టేషన్‌కు వెళ్లాను. ఈ చెవిటిదానితో ఆమెకు ఎంత తిప్పలో! ఒకటో నంబరు ప్లాట్‌ఫారం మీద స్తంభానికీ స్తంభానికీ మధ్య కొలుస్తుంటే రైల్వే పోలీసు వచ్చాడు. వాడన్నది లక్ష్మీబాయి అక్కడే నా చెవిలో అరిచి చెప్పింది.

"ఏందవ్వా, టేషన్ కొలుస్తున్నవ్? కొంటవా ఏంది?"

"నేనెందుకు కొంట బిడ్డా! మా తమ్ముడు కట్టుకుంటడు" అన్నాను.

వాడికి పిచ్చిదాన్ననిపించి ఉంటుంది. పావుగంటలో ముగించుకుని పొమ్మన్నాడు. గంటన్నర ఉన్నాను.

ఒక సంగతి వాడికి మెల్లగా చెప్పు. వాడు కట్టిన కాజీపేట ఇక్కడ కూడా లేదు. ఆవిరి ఇంజన్ల షెడ్డు ఎప్పుడో పోయింది. బొగ్గు కుప్ప ఉన్నచోట స్కూటర్లు పెడుతున్నారు. అన్నీ ఉన్నది వాడి గరాజ్‌లోనే అని నాకు ఇప్పుడు తెలుస్తోంది. క్వార్టర్ మాత్రం ఉంది. ఎవరో ఉంటున్నారు. వాళ్లను బతిమాలి అదీ కొలిచాను. వెనక కాగితంలో అంకెలు ఉన్నాయి. గుమ్మం ఎత్తు, వరండా వెడల్పు, కిటికీ కమ్మీలు, పెంకుల వరసలు అన్నీ రాశాను. వాన నీళ్ల గొట్టం ఎడమ పక్కన ఉంటుంది, వాడు కుడివైపు అనుకుంటాడు, చిన్నప్పుడూ బొమ్మలో తప్పే వేసేవాడు.

వాడికి చదివి వినిపించు. వాడు ఏమీ చేయకపోయినా సరే, వినిపించు.

ఆ రెండు గంటల సంగతి చెప్పాలో వద్దో నన్ను అడగలేదు నువ్వు. అడిగినా నాకు తెలియదు.

రాజేశ్వరమ్మ


టకానిని
14 నవంబర్ 2004

వదినా,

మీ కాగితం అందింది. అందేసరికి మేము రెండు శనివారాలు హెండర్సన్ వెళ్లొచ్చాం. స్పందనే డ్రైవ్ చేసింది. నాతో ఇంకా అవసరమైన మాటే మాట్లాడుతుంది.

గ్రాహమ్ లేవలేడు. ఈయన మాట్లాడలేరు. మొదటిసారి ఒకరినొకరు చూసుకుని ఇద్దరూ ఏడ్చారు. ఆ తర్వాత గ్రాహమ్ ఊపిరి అందినప్పుడల్లా ఒక ఇంజన్ పేరు చెప్తాడు, ఈయన తల ఊపుతారు, లేదా కాదన్నట్టు చెయ్యి ఊపుతారు. గంటసేపు అంతే. మిగతా ముగ్గురిలో టీచరుగారు కూడా వచ్చారు. గ్రాహమ్ నాకు టీ ఇప్పించాడు గానీ నా ముఖం చూసి మాట్లాడలేదు. క్రిస్మస్ దాకా ఉంటాడో లేదో అని కూతురు గుమ్మం దగ్గర చెప్పింది.

మీ ఉత్తరం మధ్యాహ్నం పూట చదివి వినిపించాను. పోలీసు మాట దగ్గర ఒక శబ్దం చేశారు. భయపడి చూశాను, నవ్వు. మార్చి తర్వాత మొదటి నవ్వు. షెడ్డు పోయిందని చదివితే కళ్లు మూసుకున్నారు. నీళ్ల గొట్టం దగ్గర తల అడ్డంగా గట్టిగా ఊపారు. మీరు రాసిందే తప్పంటారు! నాలుగుసార్లు చదివించుకున్నారు.

మూడు రోజులు ఆ కాగితం దిండు మీద ఉంది. నాలుగో రోజు లేచి వంటింటి బల్ల దగ్గరికొచ్చి, కార్న్‌ఫ్లేక్స్ అట్ట డబ్బా లాక్కుని, చించి పరిచి, కాయగూరల కత్తి చూపించారు. ఎడమ చెయ్యి వదినా, ఏనాడూ పెన్సిల్ పట్టని చెయ్యి. స్కేలు జారిపోతుంది, అట్ట తిరిగిపోతుంది. ఒక గీత కోయడానికి అరగంట. నలిపి పారేశారు. మళ్లీ మొదలుపెట్టారు. సాయం చేయబోతే మోచేత్తో నెట్టారు. అలా వారం రోజులు డబ్బాలు ముక్కలు చేయడమే. ఒకరోజు కత్తి వేలికి తగిలి రక్తం కారింది. కట్టు కట్టనిచ్చారు, అంతకు మించి దగ్గరికి రానివ్వలేదు.

నిన్న స్పందన పనికి వెళ్లాక ఎదురుగా కూర్చుని చెప్పేశాను. ఆ రోజు పోట్లాట, పంతం, గోడ అవతల రైలు చప్పుడు, రెండు గంటలు. "నాకు వినపడుతనే ఉండె. బాగనే ఉన్నవనుకున్న" అన్నాను. వేరే మాటలు లేవు నా దగ్గర.

కత్తి ఆగిపోయింది. నా ముఖంలోకి చూశారు. బయట ఎవరో గడ్డి కోసే మిషన్ నడుపుతున్నారు, అది ఆగేదాకా చూశారు. ఆయన కళ్లలో ఏముందో చదవలేకపోయాను వదినా, ముప్పై ఏళ్లు కాపురం చేసినా చదవలేకపోయాను. ఆ రోజు నేల మీద పడి ఉండి ఆయన ఎంతసేపు తలుపు వంక చూశారో నేనెప్పుడూ అడగలేను, ఆయన ఎప్పుడూ చెప్పలేరు. లేచి వెళ్లిపోతారనుకున్నాను. నన్నే పొమ్మంటారనుకున్నాను. పోవడానికి సిద్ధంగానే ఉన్నాను.

అప్పుడు స్కేలును అట్ట మీద పెట్టి, వేలితో దాని మీద రెండుసార్లు కొట్టారు. పెదవులు కూడదీసుకున్నారు. మెడ నరాలు లేచాయి. ఎనిమిది నెలల్లో కొత్త మాట.

"వట్టు."

అర్థం కాలేదు. కోపంగా మళ్లీ కొట్టారు.

"వట్టు!"

స్కేలు పట్టుకోమంటున్నారని తెలిసింది, రెండు చేతులతో పట్టుకున్నాను. నేను సరిగా అదమలేదు, స్కేలు కదిలింది, గీత వంకర పోయింది. విసుక్కుని ఆ ముక్క పారేసి కొత్త ముక్క పెట్టారు. మళ్లీ పట్టుకున్నాను. సాయంత్రానికి ఒక గోడ అయింది. నా చేతులు ఇంకా లాగుతున్నాయి, అందుకే ఇవాళ ఇంతే రాస్తున్నాను.

గిరిజ